రాఘవన్న సాండ్విచ్ సెంటర్

ఆ బుధవారం పొద్దున రాఘవేందర్ ఎలాగైనా రాత్రి వంట తానే చేయాలని నిర్ణయించుకున్నాడు. అంతకుముందు అతను పొయ్యి వెలిగించింది స్నానానికి నీళ్లు కాచుకోవడానికే.

మేడ్చల్ బస్ డిపో వెనక కాలనీలో అతని ఇల్లు. ఇంట్లో అతను, భార్య ఆమని, తల్లి యాదవ్వ. అతను గుండ్లపోచంపల్లిలో ఒక గోదాములో లారీలకు సరుకు ఎక్కించే పని చూసుకుంటాడు. ఆమని శామీర్‌పేట దగ్గర మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది. పొద్దుటి వంట యాదవ్వది, రాత్రి వంట ఆమనిది. యాదవ్వ మోకాళ్లకు సాయంత్రమైతే వంటింట్లో నిలబడే ఓపిక ఉండదు కనుక ఈ ఒప్పందం.

రెండు వారాల నుంచి ఆమని కంపెనీలో ఆడిట్ జరుగుతోంది. రాత్రి ఎనిమిదికి కంపెనీ బస్సు దిగి, చెప్పులు విప్పీ విప్పకుండానే కుక్కర్ ఎక్కించేది. సోమవారం రాత్రి కంచం ముందు కూర్చుని, ముద్ద చేతిలో ఉండగానే నిద్రపోయింది. రాఘవేందర్ ఆ ముద్దను వేళ్ల మధ్య నుంచి మెల్లగా తీసి కంచంలో పెట్టాడు. పక్కన ఆమె ఫోన్లో ఏదో వంట వీడియో ఇంకా ఆడుతూనే ఉంది. కాల్చిన బ్రెడ్డు ముక్క, దాని మీద ఉడికిన మాంసం, ఆ పైన కరిగి జారుతున్న చీజ్. పైన రెండో బ్రెడ్డు పెట్టరు కాబట్టి దాని పేరు ఓపెన్ సాండ్విచ్ అని ఆ వీడియోలోని మనిషి చెప్పుకుపోతున్నాడు. అదే వీడియో చూస్తూ ఆమని ముందురోజు అన్న మాట రాఘవేందర్‌కు గుర్తుంది.

"డ్యూటీకెల్లి వచ్చేసరికి ఇసొంటిది ఎవరన్న చేతుల పెడితే సాలు. పానం కుదుటపడ్తది."

వీడియోలో వాడింది గొడ్డు మాంసం. ఆ ఇంటి వంటింట్లోకి అది ఎన్నడూ రాలేదు కనుక, మేక కీమాతో సరిపెట్టుకోవాలనుకున్నాడు. ఇక రోజు సంగతి. యాదవ్వ లెక్కలో సోమవారం శివుడిది, మంగళవారం ఆంజనేయుడిది, గురువారం సాయిబాబాది, శుక్రవారం లక్ష్మీదేవిది, శనివారం వెంకన్నది. ఆదివారం దాకా ఆగితే ఆడిట్ అయిపోతుంది. దేవుళ్లెవరూ తీసుకోకుండా మిగిలింది బుధవారం.

ఆమని బస్సెక్కగానే అతను గోదాము మేనేజర్ హేమచంద్‌కు ఫోన్ చేసి, పన్ను నొప్పితో చెంప వాచిందనీ, నోరు తెరవలేకపోతున్నాననీ సెలవు అడిగాడు. నోరు తెరవలేని మనిషి అంతసేపు ఎలా మాట్లాడాడన్న అనుమానం హేమచంద్‌కు అప్పుడు రాలేదు.

తరువాత తల్లి దగ్గరికి వచ్చాడు. యాదవ్వ చిక్కుడుకాయలు తుంచుతోంది.

"అమ్మా, ఇయ్యాల సాయంత్రం నేను ఓపెన్ సాండ్విచ్ జేస్తున్న. ఆమనికి మాత్రం చెప్పకు."

యాదవ్వ రావల్‌కోల్‌లో పొలం పనుల మధ్య పెరిగిన మనిషి. సాండ్విచ్ ఏమిటో ఆమెకు తెలియదు. ఓపెన్ మాత్రం బాగా తెలుసు. మేడ్చల్ వచ్చాక ఆమె మందుల దుకాణం ఓపెన్‌కు వెళ్లింది, బట్టల దుకాణం ఓపెన్‌కు వెళ్లింది, దూరపు చుట్టం ఫంక్షన్ హాలు ఓపెన్‌లో రెండుసార్లు భోంచేసింది. ఓపెన్ అంటే రిబ్బను, కొబ్బరికాయ, మిఠాయి.

"ఓపెన్ జేస్తున్నవా!" అంది చిక్కుడుకాయ చేతిలోనే ఉంచుకుని. "మరి నౌకరి?"

"లీవ్ పెట్టిన."

"దినం మంచిదేనా బిడ్డా? ఎవరినన్న అడిగినవా?"

మాంసం సంగతి అడుగుతోందనుకున్నాడు రాఘవేందర్. "బుధవారం గాదమ్మా? ఏ దేవునికీ అడ్డం లేదు."

"ఎవలెవలు కలిసి?"

"మనం ముగ్గురమే. బయటోళ్లు ఎందుకు?"

"యాడ పెడుతున్నవ్?"

"మన మడిగెల. పవర్ ప్లగ్గు ఆడనే ఉన్నది గద."

ఇంటి ముందు రోడ్డు వైపు వాళ్లకొక మడిగె, అంటే దుకాణం గది, ఉంది. అందులో ఇదివరకు పిండిగిర్ని నడిచేది. గిర్ని ఖాళీ చేశాక దాని షట్టర్ మళ్లీ లేవలేదు. రాఘవేందర్ పెళ్లికి ఎవరో కానుకగా ఇచ్చిన కరెంటు ఓవెన్ అట్టపెట్టెలో అలాగే ఆ మడిగెలో పడి ఉంది. వంటింటి ప్లగ్గుకు దాని లావు పిన్ను పట్టదు కాబట్టి అక్కడే వండాలని అతని ఆలోచన.

యాదవ్వకు కళ్లు చెమర్చాయి. కొడుకు దుకాణం పెట్టుకుంటున్నాడు. పెళ్లాం వద్దంటుందని దాస్తున్నాడు. ఏదేమైనా కోడలికి చెప్పనని మాటిచ్చింది. ఆ మాట ఆమె తప్పలేదు. మిగతా వాళ్లకు చెప్పింది.

మొదట తెలిసింది పక్కింటి శైలజకు. ఆమె బట్టలు ఆరేస్తూ, షట్టర్ లేచిన చప్పుడుకు గోడ మీద నుంచి తొంగిచూసింది. రాఘవేందర్ ముక్కుకు తువ్వాలు కట్టుకుని మడిగెలో బూజు దులుపుతున్నాడు.

"ఏంది పెద్దమ్మా, మడిగె కిరాయికిచ్చిండ్రా?"

"కిరాయికెందుకిస్తం? మావోడే పెడుతుండు. సాండిచ్చి. ఇయ్యాలనే ఓపెన్." యాదవ్వ గొంతు తగ్గించింది. "నీకొక్కదానికే చెప్తున్న. మా కోడలికి ఎరుకలేదు, నువ్వనకు."

"నౌకరి ఇడిసిపెట్టిండా అన్న?"

"లీవ్ పెట్టిండట. ఇగ పోడు కావచ్చు."

శైలజ భర్త మహేందర్‌కు మెయిన్ రోడ్డు మీద ఫ్లెక్సీలు అచ్చు వేసే దుకాణం ఉంది. వచ్చే ఎన్నికల్లో వార్డుకు నిలబడాలన్న కోరిక కూడా ఉంది. ఈ రెండూ ఒకరిలోనే ఉండడం వల్ల కాలనీలో తొట్టెల వేడుక జరిగినా, ఎవరైనా కాలం చేసినా, పొద్దున లేచేసరికి వీధి మలుపులో మహేందర్ చేతులు జోడించి నవ్వుతూ నిలబడి ఉండేవాడు. దుకాణం ఓపెన్ అన్న మాట వినగానే అతను అన్నం తింటున్న చెయ్యి కడుక్కున్నాడు.

ఈలోగా రాఘవేందర్ కీమా వండాడు. వీడియోలో చెంచాడు ఉప్పు అన్నారుగాని ఏ చెంచానో చెప్పలేదు. అతను వడ్డించే చెంచా వాడాడు. నీళ్లు ఇగిరిపోతుంటే భయపడి మళ్లీ పోశాడు. మళ్లీ పోశాను గదా అని మళ్లీ ఉప్పు వేశాడు. అది దించాక, వీడియోలో చూపించిన చీజ్ మేడ్చల్ దుకాణాల్లో దొరకకపోవడంతో బండి తీసి సుచిత్ర చౌరస్తాకు బయలుదేరాడు.

అతను వెళ్లిన కాసేపటికే మహేందర్ వచ్చాడు. "పెద్దమ్మా, అన్న ఫోటో ఒకటియ్యి. మంచిగ నవ్వినదియ్యి."

యాదవ్వ వెతికింది. కొడుకు నవ్విన ఫోటో పెళ్లి ఆల్బంలోనే ఉంది. అందులో పక్కన ఆమని కూడా ఉంది.

"ఈమెను తీసేయొచ్చా?" అన్నాడు మహేందర్.

"తీసెయ్యి బిడ్డా. ఎట్లయిన ఆమెకు ఎరుకలేదు గద," అంది యాదవ్వ.

కొంపల్లి దగ్గర ట్రాఫిక్ ఎప్పటిలాగే ఉంది. రాఘవేందర్ చీజ్, రెండు బ్రెడ్డు ప్యాకెట్లు సంచీలో వేసుకుని తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. మడిగె ముందు వాకిలి చల్లి, ముగ్గు వేసి ఉంది. షట్టర్‌కు మామిడాకులు కట్టి ఉన్నాయి. పైన ఇంటికంటే వెడల్పుగా ఒక ఫ్లెక్సీ గాలికి టపటపలాడుతోంది.

"రాఘవన్న సాండ్విచ్ సెంటర్. శుభ ప్రారంభం. నేడు సాయంత్రం ఏడు గంటలకు. అందరూ ఆహ్వానితులే."

మధ్యలో నిలువెత్తు మహేందర్ చేతులు జోడించి ఉన్నాడు. కింది మూలలో రాఘవేందర్ తల ఉంది. నుదుటికి బాసికం, జుట్టు నిండా తలంబ్రాల బియ్యం. అతని చెవి పక్కన గోరింటాకు పెట్టుకున్న మూడు వేళ్లు, వాటి వెనక మనిషి లేకుండా, గాలిలో తేలుతున్నాయి. ఆ వేళ్లెవరివో అతనికి తెలుసు.

బండి స్టాండు కూడా వేయకుండా ఇంట్లోకి పరిగెత్తాడు. బయట బండి పడిన చప్పుడయింది.

"అమ్మా! ఏందిది?"

"నువ్వే గద బిడ్డా ఓపెన్ అంటివి," అంది యాదవ్వ. కొత్త చీర కట్టుకుని ఉంది.

"ఓపెన్ అంటే మూత ఉండదమ్మా! బ్రెడ్డు మీద ఇంకో బ్రెడ్డు మూత ఉండదు! గంతే! ఆమనికి రాత్రి తినడానికి జేస్తున్న!"

యాదవ్వ కొంగు సర్దుకుంది. "మూత లేకుంటే ఈగలు వాలయా?" అంది.

అప్పుడే ఫోన్ మోగింది. ఆమని ఒక ఫోటో పంపింది. అది ఆ ఫ్లెక్సీయే. గాలిలో తేలుతున్న మూడు వేళ్ల చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి ఉంది. ఒక్క మాట కూడా రాయలేదు. అతను ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఈసారి కట్ చేసింది.

రాఘవేందర్ మహేందర్ దగ్గరికి ఉరికాడు. "తమ్మీ, అది జల్దీ తీసెయ్యి. దుకాణం లేదు, ఏం లేదు. ఇంట్ల తినడానికి జేసుకుంటున్న."

మహేందర్ నొచ్చుకున్నాడు. "మజాక్ జేస్తున్నవా అన్నా? కాలనీ గ్రూపుల పెట్టిన, నా స్టేటస్ పెట్టిన. అందరూ వస్తమన్నరు. ఇప్పుడు లేదంటే నా ఇజ్జత్ ఏం గావాలె? రేపు ఓట్లడిగితే ఎవలన్న నమ్ముతరా?"

"మరి నా నౌకరి?"

"ఓనర్‌వు అయినంక నౌకరెందుకన్నా?" అన్నాడు మహేందర్.

వెనక్కి తిరిగేసరికి సిద్దయ్య నిలబడి ఉన్నాడు. ఆ వీధి మూల మీద మిర్చి బజ్జీల బండి అతనిదే. రాఘవేందర్ చిన్నప్పటి నుంచి తిన్న బజ్జీలు అవి. సిద్దయ్య కోపంగా లేడు. అదే రాఘవేందర్‌కు ఎక్కువ కష్టంగా అనిపించింది.

"నువ్వు పెట్టు బిడ్డా, నేనొద్దంటలే," అన్నాడు సిద్దయ్య. "కానీ నా బండి ఎదురుంగనే పెడుతున్నవ్. ఒక్క మాట చెప్పకపోతివి. ఇగ నేను బండి యాడికి దొబ్బుకపోవాలె?"

"కాకా, దేవుని తోడు, దుకాణం గాదు. మా ఆమెకు రాత్రి బువ్వకు బదులు చేసి పెడదామని..."

సిద్దయ్య ఫ్లెక్సీ వైపు చూశాడు. మామిడాకుల వైపు చూశాడు. "మంచిది బిడ్డా," అని వెళ్లిపోయాడు. ఇన్నేళ్లలో తనకింత అబద్ధం ఎవరూ చెప్పలేదన్నట్టు వెళ్లాడు.

ఏడు గంటలకు మడిగె ముందు అడుగు తీసి అడుగు వేసే చోటు లేదు. పిల్లలు ముందు వరసలో నేల మీద కూర్చున్నారు. మహేందర్ ఎక్కడి నుంచో స్పీకర్ పెట్టె తెచ్చి పాటలు వేశాడు. వచ్చిన వాళ్లను ఉత్తచేతులతో పంపడం మర్యాద కాదని యాదవ్వ గట్టిగా చెప్పడంతో, రాఘవేందర్ తప్పనిసరై ఓవెన్ పెట్టాడు. బ్రెడ్డు ముక్కలు పేర్చి, వాటి మీద కీమా వేసి, చీజ్ తురిమి లోపలికి తోశాడు. ఓవెన్ గుండీల మీద అంకెలు ఉన్నాయిగాని, అవి వేడికో నిమిషాలకో అతనికి అర్థం కాలేదు. రెండూ చివరిదాకా తిప్పాడు.

అంతలో మహేందర్ అతన్ని బయటికి లాక్కుపోయి మెడలో దండ వేశాడు. శైలజ హారతి ఇచ్చింది. యాదవ్వ కొబ్బరికాయ కొట్టింది. మహేందర్ మైకు అందుకుని యువత స్వయం ఉపాధి గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు. అతను వార్డులో మురికి కాలువల దాకా వచ్చేసరికి మడిగెలోంచి పొగ వచ్చింది. ముందు వరస పిల్లలు చప్పట్లు కొట్టారు.

రాఘవేందర్ పొగలోకి దూకి ట్రే బయటికి తీశాడు. బ్రెడ్డు అంచులు బొగ్గులయ్యాయి. మధ్యలో మాత్రం మెత్తగా, తడిసిన అట్టలా ఉంది. కీమా గట్టిపడి గులకరాళ్లలా దొర్లుతోంది. చీజ్ కరిగి, పొంగి, మళ్లీ గడ్డకట్టి చెప్పు అడుగులా తయారయింది. చేతిలో ట్రే, మెడలో దండ, కళ్లలో పొగ మంటకు నీళ్లు. అలా తలెత్తేసరికి ఎదురుగా హేమచంద్ ఉన్నాడు.

గోదాములో లారీ డ్రైవర్ ఎవరో మహేందర్ స్టేటస్ చూసి, దాన్ని హేమచంద్‌కు చూపించాడు. సాయంత్రం ఇంటికి పోతూ అతను ఇటు తిరిగాడు.

"పన్ను నొప్పి ఎట్లున్నది?" అన్నాడు.

రాఘవేందర్ చెయ్యి తనంతట తానే చెంప మీదికి వెళ్లింది. ఏ చెంప అని చెప్పాడో గుర్తురాక రెండో చెయ్యి కూడా పెట్టబోయాడు. ట్రే అడ్డం వచ్చింది.

"సార్, నేను దుకాణం పెడతలేను. నౌకరి ఇడిసిపెడతలేను. నా మాట నమ్ముండ్రి. ఇది... ఇది నా పెండ్లానికి జేస్తున్న రాత్రి భోజనం సార్."

పొగ రాగానే ప్రసంగం ఆపి పాట పెట్టిన మహేందర్, ఆ మాటల కోసమే అన్నట్టు సరిగ్గా అప్పుడే దాన్ని ఆపాడు. కాలనీ మొత్తానికి ఆ వాక్యం స్పష్టంగా వినిపించింది. హేమచంద్ జనం వైపు, మైకు వైపు, దండ వైపు చూశాడు.

"రాఘవేందర్, రేపటి నుంచి నీ పని వేరేటోనికి చెప్పాల్నా వద్దా, గది చెప్పు. కథలు చెప్పకు."

"ఒక్క నిమిషం సార్," అంది వెనక నుంచి ఒక గొంతు.

జనం పక్కకు జరిగారు. ఆమని నడిచి వచ్చింది. మెడలో కంపెనీ కార్డు ఇంకా వేలాడుతోంది. ఆడిట్ మధ్యలో పర్మిషన్ అడిగి, శామీర్‌పేట నుంచి ఆటో కట్టించుకుని వచ్చింది. దారి పొడుగునా ఏమేం అనాలో అనుకుంటూనే వచ్చింది. అందులో మొదటి మాట అనబోతూ ఉండగా, దండేసుకున్న మొగుడు అందరి ముందూ అన్న ఆ మాట ఆమె చెవిన పడింది.

ఆమె అనుకున్న మాటలన్నీ పక్కన పెట్టింది. ట్రేలోంచి ఒక ముక్క తీసి కొరికింది. కొరికింది అనడం కంటే కొరకడానికి ప్రయత్నించింది అనడం సరైనది. చివరికి ఒక తునక ఊడింది. నమిలింది. మింగడానికి ముందు కళ్లు మూసుకుంది. 

"సార్," అంది ఆమని హేమచంద్‌తో, "మా ఆయన అబద్ధమాడతలేడు. అమ్ముదామనుకున్నోడు ఎవ్వడు గిట్ల జేయడు. మీరే తిని చూడుండ్రి."

ట్రే హేమచంద్ ముందుకు వచ్చింది. అంతమంది చూస్తుండగా వద్దనలేక అతను ఒకటి తీసుకున్నాడు. కాసేపు దవడలు ఆడించాడు. ఉప్పు తగిలినచోట ముఖం ఒక పక్కకు పోయింది. మంచినీళ్ల కోసం చెయ్యి చాచాడు. నీళ్లు తాగాడు. ఇంకో గ్లాసు తాగాడు.

"ఇంతకుముందు ఎన్నడన్న వండినవా?" అని అడిగాడు చివరికి.

"లేదు సార్."

"తెలుస్తాంది." చేతిలో మిగిలిన ముక్కను జాగ్రత్తగా ట్రేలో తిరిగి పెట్టాడు. "నువ్వు నౌకరి ఇడిసిపెట్టవు. ఇడిసిపెడితే బతకవు. రేపు పొద్దున టైముకు రా. పన్నుకు పెట్టిన లీవ్ మాత్రం జీతంల కట్ అయితది."

ట్రే అక్కడి నుంచి ముందు వరస పిల్లల దగ్గరికి వెళ్లి, వెళ్లినంత బరువుగానే వెనక్కి వచ్చింది. మహేందర్ కూడా ఒకటి నోట్లో పెట్టుకున్నాడు. తరువాత మైకు ముందుకు వెళ్లి, సాంకేతిక కారణాల వల్ల నేటి ప్రారంభోత్సవం వాయిదా పడిందని ప్రకటించాడు. ఏడింటి నుంచి ఆకలితో నిలబడిన జనం ఒక్కసారిగా మూల మీదికి తిరిగారు. సిద్దయ్య బండి చుట్టూ తోపులాట మొదలైంది. బండి సర్దేసి ఇంటికి పోబోతున్న సిద్దయ్య మళ్లీ నూనె పొయ్యి మీద పెట్టాడు. కలిపిన పిండి చాలక శైలజ ఇంట్లోంచి శనగపిండి తెప్పించుకున్నాడు. అందరికంటే ముందు వేసిన వాయి ఒకటి కాగితంలో చుట్టి, ఎవరూ అడగకుండానే యాదవ్వ చేతిలో పెట్టి పోయాడు.

జనం పోయాక షట్టర్ సగం దించి, ఆమని మడిగె గడప మీద కూర్చుంది. రాఘవేందర్ దండ తీయడం మరిచిపోయి ఆమె పక్కన కూర్చున్నాడు. యాదవ్వ కొంచెం దూరంగా, తప్పు చేసిన దానిలా బజ్జీల పొట్లం ఒళ్లో పెట్టుకుని ఉంది.

"అత్తమ్మా, నా ఫోటో కత్తిరియ్యమని మీరే చెప్పిన్రా?"

"నేను చెప్పలే బిడ్డా. తీసేయొచ్చా అన్నడు. తీసెయ్యి అన్న."

ఆమని నవ్వు ఆపుకుందామని చూసింది, ఆగలేదు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, ట్రే దగ్గరికి లాక్కుంది. ఒక ముక్క తీసుకుని కాలిన అంచులు గోళ్లతో గీకేసింది. ఉప్పు తగ్గడానికి మీద బజ్జీల పొట్లంలోని ఉల్లిగడ్డ ముక్కలు పెట్టుకుంది. తినడం మొదలుపెట్టింది.

"వద్దు ఆమనీ, బజ్జీలు తిను. అది మంచిగ లేదు," అన్నాడు రాఘవేందర్.

"మంచిగ లేదని నాకు ఎరుకే," అంది ఆమె నోటి నిండా పెట్టుకుని. "నాకోసం జేసినవ్. తిననియ్యి."

ఆమె రెండు తిన్నది. రెండోది సగంలో ఉండగా గోడకు తల ఆనించి నిద్రపోయింది. మిగిలినవాటిని ఏం చేయాలో తోచక యాదవ్వ స్టీలు గిన్నెలో వేసి ఫ్రిజ్‌లో పెట్టింది.

మర్నాడు పొద్దున, కొత్తగా తెరిచిన దుకాణానికి లైసెన్సు ఉందా అని అడుగుతూ ఒకాయన చేతిలో కాగితాలతో వచ్చాడు. యాదవ్వ మర్యాదగా కుర్చీ వేసి, ఫ్రిజ్‌లోంచి ఒక ముక్క తీసి పళ్లెంలో పెట్టి ఇచ్చింది.

ఆయన మళ్లీ ఆ వీధికి రాలేదు.